సునీతా విలియమ్స్ సూట్‌కేసు ఎందుకు దించేశారు?

హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఈ మధ్య అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ప్రశ్నలే ఎక్కువ. శుభాంశు శుక్లా వెళ్లొచ్చాక మరీ పెరిగాయి. అందుకే ఈసారి మిగతావన్నీ పక్కన పెట్టి వాటికే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: ఎనిమిది రోజులకని వెళ్లిన సునీతా విలియమ్స్ తొమ్మిది నెలలు ఉండిపోయారు కదా మేడమ్. అన్నాళ్లు తిండి, బట్టలు ఎక్కడివి?
– ఇంటర్ విద్యార్థిని, పరకాల

జవాబు: బిడ్డా, ఆమె దగ్గర ఆ ఎనిమిది రోజులకు సరిపడా సొంత బట్టలు కూడా లేవు. 2024 జూన్ 5న సునీత, బుచ్ విల్మోర్ కలిసి బోయింగ్ కంపెనీ నౌక స్టార్‌లైనర్ ఎక్కారు. సరిగ్గా దానికి ముందే అంతరిక్ష కేంద్రంలో ఒక పంపు చెడిపోయింది. మూత్రాన్ని శుద్ధి చేసి మళ్లీ తాగునీరుగా మార్చే యంత్రంలోది అది. ఆ పంపు నడవకపోతే మూత్రాన్ని డబ్బాల్లో, సంచుల్లో దాచుకుంటూ పోవాలి, ఆ డబ్బాలు కూడా ఎన్నో ఉండవు. కొత్త పంపు వెంటనే పంపాలి, కానీ స్టార్‌లైనర్‌లో బరువు లెక్క అప్పటికే అయిపోయింది. దాంతో వాళ్లిద్దరి సూట్‌కేసులు దించేసి, పంపు ఎక్కించారు. వారం రోజులే కదా, కేంద్రంలో ఉన్న స్పేర్ బట్టలతో సర్దుకుంటారని లెక్క.

తర్వాత జరిగింది నీకు తెలిసిందే. స్టార్‌లైనర్‌లో హీలియం లీకైంది, నౌకను అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజిన్లు, అంటే థ్రస్టర్లు, కొన్ని మొరాయించాయి. అందులో మనుషుల్ని తీసుకురావడం ప్రమాదమని నాసా తేల్చింది. వాళ్ల బట్టలు ఆగస్టులో, సిగ్నస్ అనే సరుకు నౌకలో వచ్చాయి. అంతదాకా స్పేర్ బట్టలే. అక్కడ బట్టలు ఉతికే పద్ధతి లేదు, నీళ్లు అంత విలువైనవి. కొన్నాళ్లు కట్టుకుని చెత్తలో వేయడమే.

తిండి కూడా అలా వచ్చిందే. ఎక్కువ భాగం ఎండబెట్టిన ప్యాకెట్లు, నీళ్లు కలుపుకుని తినాలి. బ్రెడ్డు తినరు, దాని పొడి గాలిలో తేలి కళ్లలోకో యంత్రాల్లోకో పోతుంది. బదులుగా మన చపాతీలాంటి మెక్సికన్ రొట్టె, టోర్టియా. ఉప్పు, మిరియాలు కూడా ద్రవరూపంలోనే. అప్పుడప్పుడూ సరుకు నౌకలో పండ్లు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పంపుతారు. నెలల తరబడి ప్యాకెట్లు తిన్నవాళ్లకు ఆ నౌక తలుపు తెరిచిన రోజు ఎలా ఉంటుందో ఊహించుకో.

నన్ను ఎప్పటినుంచో బాధపెట్టే విషయం ఒకటి చెప్తాను. మనిషి వెళ్తే మన పేపర్లలో మొదటి పేజీ. సరుకు నౌక వెళ్తే లోపలి పేజీలో నాలుగు లైన్లు, ఒక్కోసారి అవీ ఉండవు. 2000 నవంబర్ 2 నుంచి ఆ కేంద్రం ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. దాన్ని అలా నిలబెట్టినవి ఎవరూ ఫొటో తీసుకోని ఈ నౌకలే. అవి ఆగితే ఏమవుతుందో 2014-15లో దాదాపు చూసేశాం. 2014 అక్టోబర్ 28న వర్జీనియా తీరంలో సరుకు నౌకను మోస్తున్న యాంటారెస్ రాకెట్ పైకి లేచిన కొన్ని క్షణాల్లోనే కిందపడి పేలిపోయింది. 2015 ఏప్రిల్ 28న రష్యా ప్రోగ్రెస్ నౌక కక్ష్యకు చేరింది గానీ అదుపు తప్పి గిరగిరా తిరిగింది, మే నెలలో వాతావరణంలో పడి కాలిపోయింది. జూన్ 28న ఇంకో సరుకు నౌకతో వెళ్తున్న స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ రాకెట్ రెండు నిమిషాలు దాటగానే గాలిలో ముక్కలైంది. దాని రెండో దశ ట్యాంకులో హీలియం సీసాను పట్టి ఉంచే కడ్డీ ఒకటి విరగడమే కారణమని ఆ సంస్థ తేల్చింది. (తేదీలు కలవడం కాకతాళీయమే.) ఎనిమిది నెలల్లో మూడు నౌకలు, మూడు వేర్వేరు రాకెట్లు. మూడోది పోయినప్పుడు పైన ముగ్గురున్నారు. వారిలో స్కాట్ కెల్లీ, మిఖాయిల్ కొర్నియెంకో దాదాపు ఏడాది ఉండటానికి వెళ్లినవాళ్లు.

అయినా ఎవరూ పస్తులుండలేదు. కేంద్రంలో ఎప్పుడూ కొన్ని నెలల నిల్వ పెట్టుకుంటారు. రెండోది, ఒక్క కంపెనీ మీదో ఒక్క దేశం మీదో ఆధారపడరు. జులై మొదట్లో మరో ప్రోగ్రెస్ చేరింది, ఆగస్టులో జపాన్ నౌక కౌనొతోరి చేరింది. 2025లో ఇంకో విచిత్రం జరిగింది. ఒక సిగ్నస్ నౌక ఆకాశంలో కాదు, లాంచింగ్ స్థలానికి తరలించేటప్పుడే దెబ్బతింది. దాని ప్రయాణం ఆపేసి, తర్వాత వెళ్లే స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్‌లో ప్రయోగాల సామాను తగ్గించి తిండి, నిత్యావసరాలు పెంచారు. సైన్సు నాలుగు నెలలు ఆగుతుంది, కడుపు ఆగదు.

ప్రశ్న: కేంద్రం గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుందంటారు. అంత వేగంలో ఇంకో నౌక వచ్చి ఎలా అతుక్కుంటుంది?
– రిటైర్డ్ రైల్వే గార్డు, కాజీపేట

జవాబు: మీ సర్వీసంతా చూసిన పనే అన్నా ఇది. షంటింగ్‌లో ఇంజిన్ వచ్చి పెట్టెలకు తగిలేటప్పుడు మనిషి నడకకన్నా మెల్లగా తోలుతారు కదా, కప్లింగ్ పడేదాకా షంటర్ జెండా పట్టుకుని చూస్తూనే ఉంటాడు. ఇక్కడా అంతే. నౌక, కేంద్రం రెండూ అదే వేగంతో పక్కపక్కన పోతుంటాయి. లెక్కలోకి వచ్చేది వాటి మధ్య తేడా వేగమే. చివరి క్షణంలో అది సెకనుకు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. రాడార్లు, కెమెరాలు, లేజర్ల సాయంతో కంప్యూటరే నడుపుతుంది. కొన్ని నౌకలు దగ్గరికొచ్చి ఆగితే, 17 మీటర్లకు పైగా పొడవుండే కెనడా రోబో చెయ్యి వాటిని పట్టుకుని అతికిస్తుంది. అతికాక కూడా తలుపు వెంటనే తెరవరు. మధ్యలో గాలి లీకవుతుందేమో గంటకు పైగా పరీక్షిస్తారు.

ఈ మెల్లదనం ఎందుకో 1997 జూన్ 25న తెలిసింది. రష్యా మీర్ కేంద్రంలో కమాండర్ వసిలీ సిబ్లియెవ్ ఒక ప్రోగ్రెస్‌ను టీవీ తెర చూస్తూ చేత్తో నడిపి అతికించే పరీక్ష చేస్తున్నారు. దూరం, వేగం చెప్పే రాడార్ ఆపేసి ఉంది. తెర మీద వెనక మేఘాలు, ముందు కేంద్రం, ఏది ఎంత దూరమో తేలడం కష్టం. నౌక వేగంగా వచ్చి స్పెక్టర్ అనే గదిని ఢీకొంది. గాలి బయటికి పోవడం మొదలైంది. ఆ గదికి వెళ్లే ద్వారంలోంచి కేబుళ్లు పరిచి ఉండటంతో తలుపు పడలేదు. ఆయనతో ఉన్న లజుత్కిన్, మైకేల్ ఫోల్ కలిసి ఆ కేబుళ్లు పీకి, కొన్ని కోసి, మూత బిగించారు. ముగ్గురూ బతికారు. ఏడు టన్నుల సరుకు నౌక అది. దాని గురించి చదివినప్పుడల్లా నాకు ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

ప్రశ్న: బాయిలో ప్రమాదమైతే బయటపడటానికి రెండో దారి తప్పకుండా ఉంటుంది. అంతరిక్ష కేంద్రంలో అయితే ఎటు పోతారు?
– సింగరేణి కార్మికుడు, భూపాలపల్లి

జవాబు: తమ్ముడూ, అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఏ నౌకలో వెళ్లినవాళ్లకు ఆ నౌకే రెండో దారి. వాళ్లను దించి వెనక్కి పోదు, వాళ్లు ఉన్నన్నాళ్లూ అక్కడే అతుక్కుని ఉంటుంది. కేంద్రంలో ఎంతమంది ఉంటే, కిందికి దిగడానికి అన్ని సీట్లు ఉండాలి. రష్యా సోయుజ్‌లో అయితే సీటు కూడా ఎవరిది వారిదే. లోపలి అచ్చును మనిషి వీపు కొలతకు పోత పోసి తయారుచేస్తారు. దిగేటప్పుడు నేల తగిలే దెబ్బకు వెన్నెముక నిలవాలంటే అది కావాలి.

2022 డిసెంబర్‌లో కేంద్రానికి అతుక్కుని ఉన్న సోయుజ్‌కు చిన్న రంధ్రం పడి, చల్లబరిచే ద్రవమంతా కారిపోయింది. దిగేటప్పుడు లోపల వేడి భరించలేనంత పెరగొచ్చని భయం. అందులో వెళ్లిన ముగ్గురిలో ఫ్రాంక్ రూబియో సీటు అచ్చును ఊడదీసి, పక్కనున్న డ్రాగన్‌లో బిగించారు. ఇద్దరే ఉంటే సోయుజ్‌లో వేడి కొంత తగ్గుతుందని ఆ ఏర్పాటు. 2023 ఫిబ్రవరి 24న రష్యా ఇంకో సోయుజ్‌ను మనుషులు లేకుండా పంపింది, సీట్లు ఖాళీగా రావడానికే. ఆరు నెలలకని వెళ్లిన ఆ ముగ్గురూ 371 రోజులు ఉండి వచ్చారు.

సునీత వాళ్ల విషయంలోనూ ఇదే చిక్కు. స్టార్‌లైనర్ 2024 సెప్టెంబర్‌లో ఖాళీగా దిగిపోయింది. తర్వాతి డ్రాగన్ నలుగురికి బదులు ఇద్దరినే తీసుకుని, రెండు సీట్లు ఖాళీగా పెట్టుకుని సెప్టెంబర్ 29న చేరింది. మధ్యలో ఆ మూడు వారాలు ఏదైనా జరిగితే? అప్పటికి అక్కడున్న డ్రాగన్‌లో, సరుకు పెట్టే జాగాలో నురుగు పరుపులు వేసి వాళ్లిద్దరికీ చోటు చేశారు. 2025 నవంబర్‌లో చైనా కేంద్రంలో షెంజౌ-20 కిటికీకి చీలికలు కనిపించాయి. దాని సిబ్బంది, కొత్తగా వచ్చినవాళ్ల నౌక తీసుకుని నవంబర్ 14న దిగారు. కొత్తవాళ్లకు నవంబర్ 25న ఖాళీ షెంజౌ-22 వచ్చేదాకా పదకొండు రోజులు నమ్మదగ్గ రెండో దారి లేదు. ఆ పదకొండు రోజుల బరువు మీలాంటివాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ప్రశ్న: సరుకు దించాక ఆ నౌక ఏమవుతుంది? ఖాళీగా తిరిగొస్తుందా?
– కిరాణా వ్యాపారి, జమ్మికుంట

జవాబు: చాలావరకు తిరిగి రాదు. ప్రోగ్రెస్, సిగ్నస్ లాంటివాటిలో నెలల తరబడి చెత్త నింపుతారు. మాసిన బట్టలు, ప్యాకెట్లు, పాడైన సామాను అన్నీ. తర్వాత విడదీసి సముద్రం మీద వాతావరణంలోకి తోస్తే కాలిపోతుంది. పోయేలోపు ప్రోగ్రెస్ ఇంకో పెద్ద పని చేస్తుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా పలచగా గాలి ఉంటుంది, దాని రాపిడికి కేంద్రం నెలకు సుమారు రెండు కిలోమీటర్లు కిందికి జారుతుంది. అప్పుడప్పుడూ ప్రోగ్రెస్ తన ఇంజిన్ మండించి మొత్తం 400 టన్నుల పైచిలుకు కేంద్రాన్ని మళ్లీ పైకి నెడుతుంది.

డ్రాగన్ మాత్రం సరుకుతో సముద్రంలో దిగుతుంది. ప్రయోగాల నమూనాలు చెడిపోకుండా రావాలంటే అదే దిక్కు. శుభాంశు శుక్లా అక్కడ మెంతులు, పెసలు మొలకెత్తించి ఫ్రీజర్‌లో దాచారు గుర్తుందా? 2025 జులై 15న ఆయన దిగిన నౌకలో నలుగురు మనుషులతోపాటు 260 కిలోలకు పైగా సామాను దిగింది.

ప్రశ్న: వరంగల్ నుంచి కేంద్రం కంటికి కనిపిస్తుందా? మా బాబుకు చూపించాలని ఉంది.
– గృహిణి, నర్సంపేట

జవాబు: తప్పకుండా చూపించండమ్మా. టెలిస్కోపు అక్కర్లేదు. పొద్దుగూకిన కాసేపటికో, తెల్లవారకముందో చూడాలి. మనకు చీకటి పడినా పైన దానికి ఎండ తగులుతుంటుంది. మిణుకుమిణుకుమనకుండా, శుక్రుడంత వెలుగుతో ఒక చుక్క జారిపోతున్నట్టు నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటుతుంది. ఎర్రలైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే అది విమానం. మీ ఊరి సమయాలు నాసా ‘స్పాట్ ద స్టేషన్’లో దొరుకుతాయి. మా డాబా మీద వీధిలైట్ల మధ్యే స్పష్టంగా కనిపిస్తుంది, మీ పొలాల దగ్గరైతే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: మన దేశం సొంత అంతరిక్ష కేంద్రం కడుతుందట. పైలట్లు కాని మాలాంటి వాళ్లకు అందులో పనేముంటుంది?
– బీటెక్ విద్యార్థి, హసన్‌పర్తి

జవాబు: 1984లో రాకేశ్ శర్మ సోవియట్ కేంద్రం సాల్యూట్-7కు వెళ్లినా, 2025లో శుక్లా వెళ్లినా, ఎక్కిన నౌక, దిగిన కేంద్రం రెండూ మనవి కావు. 2035 నాటికి భారతీయ అంతరిక్ష స్టేషన్ పూర్తిచేయాలని ఇస్రో లక్ష్యం. దానికి మొదటి మెట్టు స్పేడెక్స్, అంటే అంతరిక్షంలో రెండు నౌకలను అతికించే ప్రయోగం. 2024 డిసెంబర్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ మీద చెరో 220 కిలోల రెండు ఉపగ్రహాలు వెళ్లాయి. వాటిని జతచేయడం రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి మూడు మీటర్ల దగ్గరికి తెచ్చి, కొలతలు చూసుకుని, వెనక్కి తీసుకుపోయారు. తొందరపడనందుకు నేను ఆ బృందాన్ని మనసారా మెచ్చుకున్నాను. 2025 జనవరి 16న రెండూ కలిశాయి. అమెరికా, రష్యా, చైనా తర్వాత ఆ పని చేసిన నాలుగో దేశం మనది.

ఇక నీ ప్రశ్న. గగన్‌యాన్‌తో మనిషిని పంపడం నేర్చుకుంటాం. కానీ కేంద్రంలో మనిషి ఉండాలంటే క్రమం తప్పకుండా సరుకు చేరాలి, అంటే మనకంటూ ఒక సరుకు నౌక కావాలి. దాని గురించి మన దగ్గర చర్చే తక్కువ. అతికే చోట గాలి పోకుండా ఆపే రబ్బరు సీళ్లు, ఏళ్ల తరబడి లీకవ్వని వాల్వులు, మూత్రం శుద్ధిచేసే పంపులు, దూరం కొలిచే లేజర్లు, ఇవన్నీ ఎవరో కూర్చుని చేయాల్సినవే. నువ్వు మెకానికలో, కెమికలో, ఎలక్ట్రానిక్సో రాయలేదు. ఏ బ్రాంచయినా ఫైనలియర్ ప్రాజెక్టుకు వీటిలో ఒకటి తీసుకో. ఏది తీసుకున్నావో రాస్తే, ఏం చదవాలో వచ్చే నెల చెప్తాను.