కోనసీమ నుంచి డే ట్రిప్పులకి 20 లీటర్ల బ్యాగ్ చాలా?

మారేడుమిల్లి, కోరంగి తిరగడానికీ, వీలైతే భువనగిరి వెళ్లి రాక్ క్లైంబింగ్ నేర్చుకోవడానికీ ఒకటే 20 లీటర్ల బ్యాగ్ చాలా అని అడిగారు. చాలండి. అమలాపురం నుంచి నాలుగేళ్లుగా నేను తిప్పుతున్నది అలాంటిదే. అరకేజీ కూడా ఉండదు. లోపల ఫ్రేమ్ లేదు, వీపు వైపు పల్చటి ఫోమ్ షీటు ఒక్కటే.

ఆ షీటుని నమ్మి మొదటిసారి స్టీలు క్యారేజీ వీపు వైపు పెట్టాను. అమృతధార జలపాతం దగ్గర దిగి ఎక్కేసరికి దాని అంచు వెన్నులో గుచ్చుకుని రెండు రోజులు నొప్పి. ఇప్పుడు తువ్వాలు మడిచి వీపు వైపు, దాన్ని ఆనుకుని నీళ్లు, పులిహోర అరటాకులో కట్టి పైన. ఇలాంటి బ్యాగులకి నడుం బెల్టు సన్నటి పట్టీయే. ఊగకుండా పట్టుకుంటుంది గానీ బరువు మోయదు. అందుకే ఐదారు కేజీలు దాటితే భుజాలు లాగేస్తాయి. ఎండల్లో నేను మూడు లీటర్ల నీళ్లు పట్టుకెళ్తాను, అక్కడికే మూడు కేజీలు.

భువనగిరిలో తాడు, హెల్మెట్, హార్నెస్ (నడుముకీ తొడలకీ బిగించే పట్టీలు) మాకు క్లైంబింగ్ నేర్పేవాళ్లే ఇచ్చారు. నడుం పట్టీ హార్నెస్‌కి అడ్డం పడుతుంటే వెనక్కి తిప్పి కట్టేశాను. అసలు చిరాకు వేరే. బ్యాగ్ పైదాకా కుక్కడంతో, పట్టు వెతుక్కుంటూ తలెత్తినప్పుడల్లా హెల్మెట్ వెనక అంచు బ్యాగ్‌కి తగిలి కళ్ల మీదికి జారేది. కొనేటప్పుడు షాపులోనే తగిలించుకుని ఫ్యాను వైపు చూడండి. నవ్వితే నవ్వుతారు.

మన దగ్గర బ్యాగులు పాడయ్యేది మాత్రం చెమ్మకే. గుడ్డకి లోపలి వైపు పాలియురెథేన్ పూత ఉంటుంది. వేడీ తేమా కలిస్తే అది మెల్లగా విరిగిపోతుంది. నా పాత బ్యాగ్‌ని వానాకాలమంతా బీరువాలో పెట్టి తీస్తే లోపలంతా బంక, చెయ్యి పెడితే తెల్లటి పొట్టు, పుల్లటి కంపు. ఊడిన పూత మళ్లీ అతకదు. ఇప్పుడు ఇంటికి రాగానే తిరగేసి నీడలో ఆరేస్తాను, బీరువాలోకి రానివ్వను.

పూత బాగున్నా కుట్ల దగ్గరా జిప్పు దగ్గరా నీళ్లు దిగుతాయి. సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్తుంటే వాన పట్టుకుంది, పది నిమిషాల్లో ఫోనూ బట్టలూ తడిసిపోయాయి. రెయిన్ కవర్ అయితే గాలికి లేచిపోతుంది. చెరువులకి రొయ్య పిల్లలు తెచ్చే మందపాటి పాలిథిన్ కవర్ ఒకటి కడిగి లోపల వేసి, మూతి మెలితిప్పి రబ్బరు బ్యాండు పెట్టండి. మా బావ చెరువు దగ్గర ఊరికే దొరికింది.

అంతర్వేది వెళ్లొచ్చినప్పుడు మాత్రం జిప్పుని మంచినీళ్లతో కడగండి. నేను కడగలేదు. ఉప్పూ ఇసకా పట్టేసి, మూసినా వెనకనుంచి విడిపోయేది. బ్యాగులు కుట్టే ఆయన రన్నర్ మార్చేదాకా పిన్నీసులతోనే నడిపాను.