సిజేరియన్‌తో పాటే ‘ఆపరేషన్’ కూడా చేయించేయమంటున్నారు... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 25. ఇప్పుడు ఎనిమిదో నెల. పెద్దపాపకు మూడేళ్లు, అప్పుడు సిజేరియన్ అయింది. ఈసారీ సిజేరియనే అన్నారు. పొట్ట ఎలాగూ కోస్తారు కాబట్టి పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించేయమంటున్నారు ఇంట్లో. నాకేమో ఇప్పుడే వద్దనిపిస్తోంది. మావారిని చేయించుకోమంటే, బరువు పనులు చేసేవాణ్ని, నీరసపడిపోతానంటారు. ఆ మాట ఎత్తినందుకే మా అత్తగారు మండిపడ్డారు. – ఒక సోదరి, నల్గొండ

జవాబు: ‘పనిలో పనిగా’ అనే మాట మా ఓపీలో తరచూ వింటుంటాను. వైద్యపరంగా అందులో తప్పేమీ లేదు. సిజేరియన్‌లోనే ట్యూబులు కట్టేస్తే మళ్లీ మత్తు, మళ్లీ కోత ఉండవు. కానీ ఇది శాశ్వతం. మళ్లీ ట్యూబులు కలిపే ఆపరేషన్ ఉన్నా అది ఫలిస్తుందన్న భరోసా లేదు. 30 ఏళ్లలోపు చేయించుకున్నవాళ్లలోనే తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువ. పుట్టిన బిడ్డ ఆరోగ్యం కొన్నాళ్లు చూసుకుని నిర్ణయించుకుంటానంటే అది పూర్తిగా సబబే. అసలు ఏ కారణమూ చెప్పకుండా ‘ఇప్పుడొద్దు’ అన్నా సరిపోతుంది.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చే ఫారం మీద సంతకం మీది. ప్రభుత్వ నిబంధనల ప్రకారం భర్త అనుమతి అక్కర్లేదు. భర్త సరేనంటే మీరు సరేనన్నట్టూ కాదు. నొప్పులొచ్చాక హడావిడిలో పెట్టించే సంతకం ఇష్టపూర్వకం అనిపించుకోదు. అందుకే మీ డాక్టరుకు ముందే చెప్పి, కేస్‌షీట్‌లో రాయించండి.

ఇక మీవారి భయం. మగవాళ్లకు చేసే వేసెక్టమీలో, ఇప్పటి ‘నో-స్కాల్పెల్’ పద్ధతిలో అయితే కత్తి గాటు ఉండదు. లోకల్ మత్తు ఇచ్చి, చిన్న రంధ్రం గుండా పావుగంట, ఇరవై నిమిషాల్లో ముగిస్తారు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. ఓ వారం బరువులు ఎత్తకపోతే చాలు. మగ హార్మోన్ ఎప్పటిలాగే తయారవుతుంది కాబట్టి బలం తగ్గదు, దాంపత్యమూ మారదు. అయితే మూడు నెలలు కండోమ్ వాడి, వీర్యపరీక్షలో కణాలు లేవని తేలాకే మానేయాలి. ఇదీ శాశ్వతమే, తొందర దీనికీ పనికిరాదు.

ఇంత చిన్న ఆపరేషన్‌ను వదిలేసి ఆడవాళ్ల పొట్టే ఎందుకు కోస్తున్నారంటే, ఎమర్జెన్సీలో 1976-77లో మగవాళ్లకు బలవంతంగా చేసిన ఆపరేషన్ల చేదు ఇంకా పోలేదు. ఆ తర్వాత భారమంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తమ్మీద 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో ట్యూబెక్టమీ (ఆడవాళ్ల ఆపరేషన్) మీద ఆధారపడ్డవారు సుమారు 38 శాతం, భర్త వేసెక్టమీ మీద 0.3 శాతం. ఇది శరీర ధర్మం కాదమ్మా, అలవాటు.

ఈలోపు మీకు దారులున్నాయి. సిజేరియన్ సమయంలోనే కాపర్-టి వేయించుకోవచ్చు. 380ఏ రకమైతే పదేళ్లు పనిచేస్తుంది, వద్దనుకున్నప్పుడు తీయించేయొచ్చు. పాలిచ్చేటప్పుడు ‘ఛాయ’ అనే గర్భనిరోధక మాత్రలు వాడొచ్చు. కాన్పయిన ఆరు వారాల తర్వాత అయితే, మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ కూడా ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఇవన్నీ ఉచితమే. మీకేది నప్పుతుందో మిమ్మల్ని చూసే డాక్టరే చెప్పాలి.

వచ్చే చెకప్‌కు మీవారిని బయట కుర్చీలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకెళ్లండి. నీరసం సంగతి ఆయన్నే అడగనివ్వండి. అత్తగారు వస్తానంటే ఆవిడనూ రమ్మనండి.