తొడల దగ్గర దురదకు స్టెరాయిడ్ ట్యూబ్ రోజూ రాయవచ్చా?

మీరు చెన్నైలో ఉంటున్నారు, తొడల మధ్య దురదకు మెడికల్ షాపులో క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ ఉన్న ట్యూబ్ ఇచ్చారు, మూడు రోజుల్లో తగ్గి, ఆపగానే మళ్లీ వచ్చింది అన్నారు. అక్కడే నాకు అనుమానం. ఈ ఉక్కలో, చెమటలో ఆ చోట వచ్చేది చాలాసార్లు తామర (మీ తమిళ పొరుగువాళ్లు పడర్‌తామరై అంటారు). అది ఫంగస్. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణచిపెడుతుంది గానీ ఫంగస్‌ని చంపదు, పైగా అది హాయిగా పాకడానికి దారి ఇస్తుంది. మచ్చ రూపం కూడా మారిపోయి డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది.

క్లోబెటసాల్ ఈ మందుల్లో అతి బలమైన వాటిలో ఒకటి. అవసరమైనా సాధారణంగా 2 వారాలకు మించి వాడరు. గజ్జలు, చంకలు, ముఖం దగ్గర చర్మం పల్చన, మందు ఎక్కువ ఇంకుతుంది. అక్కడ చారలు పడితే పూర్తిగా పోవు. 2018 నుంచి ఇలాంటి క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు కూడా, అయినా అడిగితే ఇచ్చేస్తున్నారు.

చర్మ డాక్టరుకు చూపించండి, ట్యూబ్ వెంట తీసుకెళ్లండి. చెన్నై సెంట్రల్ రైల్వే స్టేషన్ దగ్గరి రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ చర్మ విభాగం ఉంది. చర్మం కాస్త గీకి పరీక్షిస్తే ఫంగస్ సంగతి తేలుతుంది.

ఎగ్జిమాకని (ఫంగస్ వల్ల కాని చర్మపు వాపు, దురద) డాక్టరే స్టెరాయిడ్ రాస్తే భయం వద్దు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన మందు సుమారు అర గ్రాము, వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. నెలల తరబడి రోజూ రాసినవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే ఆపాలి.