నాసా క్యాంప్‌కి అప్పు చేసి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్స్ అంటే ప్రాణం. వాళ్ల స్కూల్లో అమెరికా ‘నాసా క్యాంప్’ అంటున్నారు, ఖర్చు లక్షల్లో ఉంది. అప్పు చేసైనా పంపుదామని మావారు, వద్దని నేను. నిజంగా అంత ఉపయోగమా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అప్పు మాత్రం చేయకండి. ‘నాసా క్యాంప్’ పేరుతో మనవాళ్లు చెప్పుకునేవాటిలో బాగా పేరున్నది అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లో 1982 నుంచి ఉన్న స్పేస్ క్యాంప్. దాన్ని నడిపేది నాసా కాదు, అక్కడి స్పేస్ అండ్ రాకెట్ సెంటర్. మంచి చోటే, పిల్లలతో ఉత్తుత్తి అంతరిక్ష యాత్రలు చేయిస్తారు, సరదాగా ఉంటుంది. కాకపోతే ఫీజు కడితే వెళ్లొచ్చు కాబట్టి ఆ సర్టిఫికెట్‌తో ఒరిగేదేమీ ఉండదు.

ఏ క్యాంప్ అయినా పిల్లల్ని ఎలా ఎంపిక చేస్తారో ముందు కనుక్కోండి. అమెరికాలో పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే వేసవి కార్యక్రమంలో సీటు దొరకడం మహా కష్టం, దొరికితే మాత్రం ఫీజు లేదు, ప్రయాణం ఖర్చే మనది. ఆ ఆరు వారాల కార్యక్రమంలో ఒక పరిశోధకుడి దగ్గర పని చేసి, చివర్లో పేపర్ రాసి అందరి ముందూ చెప్పాలి.

2007లో తైవాన్ రాజధాని తైపీలో మొదలైన ఆసియన్ సైన్స్ క్యాంప్‌కి నోబెల్ గ్రహీతలు వచ్చి మాట్లాడతారు. నన్నడిగితే అసలు లాభం ఆ ఉపన్యాసాల కన్నా పోస్టర్ పనిలో ఉంది. వేర్వేరు దేశాల పిల్లల్ని ఒక జట్టుగా వేసి, ఒక ఐడియా మీద పోస్టర్ తయారు చేయమంటారు. గైడ్‌లో జవాబు దొరికే ప్రశ్నలకే అలవాటు పడ్డ మన పిల్లలు ఇక్కడే తడబడతారు, ఎందుకంటే పక్కనున్న కొరియా అమ్మాయి ‘అలా ఎందుకు అనుకుంటున్నావ్?’ అంటే ఫార్ములా అప్పజెబితే సరిపోదు, వచ్చీరాని ఇంగ్లిష్‌లోనైనా ఒప్పించాలి. ఎప్పుడూ క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్లకి తనకన్నా చురుకైనవాళ్లు ఒకేచోట అంతమంది కనిపిస్తే మొదట్లో డల్ అవుతుంది కూడా. కంగారు పడకండి, ఆ దెబ్బ తగలాల్సిందే.

అయితే ఈ రెండూ ఇంటర్ దాకా వచ్చాక. ఇప్పుడు మీ అమ్మాయికి సరిగ్గా సరిపోయేది ఇస్రో వాళ్లు బడి పిల్లల కోసం నడిపే యువికా అనే అంతరిక్ష శిక్షణ కార్యక్రమం. 2019లో మొదలైంది, తొమ్మిదో తరగతి వాళ్లకే, దాదాపు రెండు వారాలు, ఖర్చు ఇస్రోదే, శ్రీహరికోట కూడా ఒక కేంద్రం. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్‌లో పాల్గొన్న సర్టిఫికెట్లు చూస్తారు, పల్లెటూరి బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంది. దాంతోపాటు బడి పిల్లల కొత్త ఐడియాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకానికి మీ అమ్మాయి ఐడియా పంపమని హెడ్మాస్టర్‌ని అడగండి. ఎంపికైతే మోడల్ చేయడానికి 10,000 రూపాయలిస్తారు. జాతీయ స్థాయి దాకా వెళ్లినవాళ్లలో కొందరు సకురా కార్యక్రమం కింద జపాన్ కూడా చూసొచ్చారు, అదీ జపాన్ వాళ్ల ఖర్చుతో.