కాగితం లేని పనిలో జనం ఎందుకుంటారు? మా అమ్మ ఇడ్లీ బండి దగ్గర నేను చూసింది

మీరు అడిగింది రెండు ముక్కలు. అపాయింట్‌మెంట్ లెటరు, పీఎఫ్, జీతం స్లిప్పు ఏమీ లేని పనుల్లోనే ఇంతమంది ఎందుకు ఉండిపోతారు అనేది ఒకటి. అడిగే ఆఫీసరు లేని చోట కూడా వాళ్లు మాటకీ కట్టుబాటుకీ ఎందుకు లోబడి ఉంటారు అనేది రెండోది. మొదటిదానికి అందరూ ఠకీమని చెప్పే జవాబు "చదువు లేదు, వేరే గతి లేదు" అని. నేను ఒప్పుకోను. మన దేశంలో పనిచేసే పది మందిలో దాదాపు తొమ్మిది మంది ఇట్టాంటి పనుల్లోనే ఉండారు, ఆ తొమ్మిది మందికీ లెక్క తెలీదని ఎట్టా అంటాం? నెల్లూరులో ఆత్మకూరు బస్టాండ్ దగ్గర మాయమ్మ ఇప్పటికీ ఇడ్లీ బండి పెడతా ఉండాది, ఆ బండి డబ్బులతోనే నేను డిగ్రీ చదివినా, కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

బండి పెట్టకముందు మాయమ్మ నాలుగు నెలలు రొయ్యల కంపెనీకి పోయింది. తెల్లారుజామునే వ్యాను వస్తాది, పొద్దుగూకులూ ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసి వలవడం, ఇంటికొచ్చేసరికి వేళ్లు తెల్లగా నానిపోయి అన్నం కలుపుకోవడానికి కూడా మంట పుట్టేది ఆమెకి. పేరుకి అది కంపెనీ. గేటుండాది, వాచ్‌మన్ ఉండాడు, లోపల రిజిస్టర్లుండాయి. కానీ ఆమెని పనికి తెచ్చింది మేస్త్రి, డబ్బులిచ్చేది మేస్త్రి, మా చెల్లెలికి జ్వరమొచ్చి రెండు రోజులు పోకపోతే మూడో రోజు వ్యాను ఎక్కనీయంది కూడా ఆ మేస్త్రే. గోడల లోపల ఉన్నది కూడా కాగితం లేని పనే గదా, మరి దానికన్నా రోడ్డు మీద సొంత బండి మేలు అనుకునింది. బిడ్డకి జ్వరమొస్తే ఆ రోజు బండి తీయదు, అంతే, ఎవరి కాళ్లూ పట్టుకోబళ్లేదు. పొద్దున ఆరింటికి పొయ్యి వెలిగిస్తే పదిన్నరకి గిన్నెలు ఖాళీ, చేతిలో డబ్బులుంటాయి, ఆ డబ్బుల్లోనే రేపటి మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, గ్యాసు, మా ఫీజులు. నెలాఖరు దాకా ఎదురు చూసే ఓపిక ఉండాలంటే ముందు ఆ నెల గడవడానికి చేతిలో డబ్బులుండాలి, ఆ సంగతి జీతం వచ్చేవాళ్లకి చెప్తే ఎక్కదు.

ఇంకోమాట. ఇట్టాంటి కాగితం లేని పనికి పెట్టిన "ఇన్‌ఫార్మల్" అనే పేరు 1970ల మొదట్లో వాడుకలోకి వచ్చింది, కీత్ హార్ట్ అనే మానవశాస్త్రవేత్త ఘనా రాజధాని ఆక్రాలో పేదల పేటలో తిరిగి చూస్తే, నిరుద్యోగులు అని లెక్కల్లో రాసినోళ్లందరూ పొద్దున్నుంచి రాత్రిదాకా ఏదో ఒక పని చేస్తానే కనిపించారంట. మా వీధి చూసినా ఆయనకి అదే కనిపించేది.

ఇప్పుడు రెండో ముక్క, నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇదే. 2009లో మా నాయన గుండెపోటుతో పోయాడు. నేను అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. బండి తోసేది ఆయనే, నీళ్లు మోసేది ఆయనే, అన్నిటికంటే ముఖ్యం, ఖాతా లెక్క ఆయనదే. దగ్గర దగ్గర నలభై మంది ఖాతా మీద తినేవాళ్లు, ఆటోవాళ్లు, హమాలీలు, అంగళ్లలో పనిచేసే పిల్లకాయలు. ప్లేటు ఇడ్లీ 8 రూపాయలు అప్పుడు. కొందరు వారానికి, కొందరు పదిహేను రోజులకి కట్టేవాళ్లు. మా నాయన ఒక్క ముక్క రాసేవాడు కాదు, అంతా తలలోనే. ఆయన పోయిన మూడో రోజు మా పెదనాయన అడిగాడు, "ఏమ్మా, బయట ఎవరెవరు ఎంతెంత ఇయ్యాల్నో నీకేమన్నా తెలుసా?" అని. మాయమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ డబ్బులు ఇంక పోయినట్టే అని ఇంట్లో అందరం అనుకున్నాం, చుట్టాల్లో ఒకరిద్దరు మా నాయన్ని తిట్టారు కూడా, చచ్చినోణ్ణి అట్టా తిడతా ఉంటే నాకు ఏడుపు ఆగలా.

కర్మంతరం రోజు భోజనాలయ్యాక ఆటోస్టాండు వాళ్లు వచ్చారు, ఒకేసారి గుంపుగా కాదు, ఇద్దరిద్దరుగా, ఖాకీ చొక్కాల్తోనే. ముందొచ్చినాయన చెప్పులు బయట వదిలేసి వచ్చి మాయమ్మ ముందు కింద కూర్చున్నాడు. "అన్నకి నేను 112 ఇయ్యాలక్కా, ఇదిగో వంద, పన్నెండు రేపిస్తా." ఆ వెనక ఇంకొకాయన, 64. ఇంకొకాయన 24 రూపాయలు, అన్నీ చిల్లరే, కర్చీఫులో మూట కట్టి తెచ్చాడు. నేను నా కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీలో రాస్తా పోయినా, ఎందుకు రాస్తా ఉన్నానో కూడా నాకు తెలీదు, చేతికి ఏదో ఒక పని కావాలి. వారం తిరిగేసరికి 2,700 చిల్లర వచ్చింది. ఒకాయన చెప్పింది తక్కువేమోనని మాయమ్మకి అనుమానం, రోజూ నాలుగు ఇడ్లీ రెండు దోసె తినేవాడు, 90 అన్నాడు. ఆమె ఏమీ అనలా, తీసుకునింది.

ఒకడు మాత్రం రాలేదు. అడిగితే "ఆయనకి ఎప్పుడో కట్టేశా" అన్నాడు. మాయమ్మ ఊరుకునింది, కానీ స్టాండు ఊరుకోలా. మరుసటి వారం నుంచి స్టాండు వరసలో అతని వంతుకి కిరాయి సరిగ్గా ఇచ్చినోళ్లు లేరు, పక్క సందులో టిఫిన్ బండికి పోతే ఆయమ్మ "అక్కడ బాకీ తీర్చినావా?" అని అడిగి, ఇక్కడ ఖాతా లేదు, డబ్బులిచ్చి తిను అనింది. ఆయమ్మకీ మాయమ్మకీ రేటు విషయంలో గొడవై రెండేళ్లుగా మాటల్లేవు, అయినా ఆ మాట అడిగింది. రెండు నెలలకి అతని భార్య వచ్చి 310 రూపాయలు మాయమ్మ చేతిలో పెట్టి పోయింది.

జాగా సంగతి కూడా ఇట్టాంటిదే. మా బండి పెట్టే చోటు రోడ్డు మార్జిను, మాకు పట్టా లేదు, రోజూ ఆశీలు, అంటే జాగాకి కట్టే రుసుం, కట్టిన చీటీలు తప్ప ఏమీ లేవు. నాయన పోయిన నాలుగో రోజు సాయంత్రం ఎవరో నూడుల్స్ బండి తెచ్చి మా జాగాలో పెట్టారంట. పండ్ల బండి మావ పోయి "ఇది ఒకామె జాగా నాయనా, ఆమె మొగుడు పోయాడు, పదహారు రోజులకి వస్తాది, నువ్వు ఆ చివర పెట్టుకో" అని చెప్పాడు. ఆ కుర్రాడు కాగితం చూపించమన్నాడంట. కాగితం యాడుంది? టీ అంగడి అన్న, చెప్పులు కుట్టే తాత, పూలమ్మే అక్క వచ్చి మావ పక్కన నిలబడ్డారు. ఎవరూ చెయ్యి ఎత్తలా, తిట్టలా. ఆ కుర్రాడు గమ్మున బండి తోసుకోని పోయాడు, తర్వాత పదేళ్లకి పైనే ఆ చివరనే నూడుల్స్ అమ్మాడు, మాకు మంచి స్నేహితుడయ్యాడు కూడా.

ఇదంతా మంచితనం అని నేను చెప్పడం లేదు. మంచితనం ఉండాది, కానీ దాని కింద లెక్క కూడా ఉండాది. ఆ ఆటో ఆయన మా దగ్గర టిఫిను, మెకానిక్కు దగ్గర రిపేరు, కిరాణా అంగట్లో బియ్యం, అన్నీ ఖాతా మీదే తెచ్చుకుంటాడు. ఒకచోట మాట తప్పితే ఆ కబురు సాయంత్రానికి మిగతా రెండు చోట్లకీ పోతాది. బ్యాంకులో అప్పు ఎగ్గొడితే నోటీసు రావడానికి నెలలు పడతాది, మా వీధిలో పూట పట్టదు. జాగా సంగతీ అంతే, రేపు పండ్ల మావకి ఒంట్లో బాగలేక పది రోజులు రాకపోతే ఆయన జాగా ఎవరు కాపాడాలి? ఇట్టాంటి చోట్ల రూల్స్ లేవని టీవీల్లో అంటా ఉంటారు, నాకు ఒళ్లు మండుతాది. కాగితం మీద ఉండే రూల్స్ కన్నా ఎక్కువే ఉండాయి, అవి తప్పితే పడే శిక్ష కూడా ఎక్కువే.

అన్ని కట్టుబాట్లూ నెత్తిన పెట్టుకోవాలని కూడా నేను అనను. మాయమ్మ పదిహేడో రోజు బండి తీసింది. ముందురోజు రాత్రంతా ఆమె భయం ఇడ్లీ ఎట్టొస్తాదో అని కాదు, బోణీ ఎవరు చేస్తారు అని. మొగుడు పోయినామె పొద్దున్నే ఎదురొస్తేనే మొహం తిప్పుకునే జనం, ఆమె చేతి మీదుగా మొదటి ప్లేటు తీసుకుంటారా? ఇది పచ్చి దుర్మార్గం, ఏ శాస్త్రం పేరు చెప్పినా దుర్మార్గమే. ఆరింటికి పొయ్యి వెలిగించింది, ఆరున్నర దాకా ఒక్కరు రాలా, తెలిసినోళ్లు కూడా అవతలి పక్క నుంచే పోయారు. అప్పుడు పండ్ల మావ వచ్చాడు, ఆయన జీవితంలో ఎప్పుడూ ఆ టైముకి టిఫిను తినడు. రెండు ఇడ్లీ పెట్టమని అడిగి, నిలబడి తిని, "బోణీ చెల్లెమ్మా" అని 10 రూపాయల నోటు ఇచ్చి, చిల్లర తీసుకోకుండా పోయి తన బండి దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత టీ అంగడి అన్న. ఏడింటికల్లా ఎప్పటి గుంపే. ఆ రోజు ఆ మూఢనమ్మకాన్ని పక్కకి నెట్టింది కూడా చట్టం కాదు, పక్క బండాయన.

బయట ఊరి వాళ్లకి అర్థం కావాలంటే మా రొట్టెల పండగ చూడాల. మొహర్రం అప్పుడు స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా దగ్గర, కోరిక కోరుకోని ఎవరి దగ్గరో రొట్టె తీసుకుంటారు, అది తీరితే మళ్లీ ఏడు వచ్చి ఇంకొకరికి రొట్టె ఇయ్యాలి. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు చదువు రొట్టె తీసుకున్నా, పాసయ్యాక పోయి ఇచ్చినా. ఎవరి దగ్గర తీసుకున్నానో పేరు కూడా తెలీదు, నేను ఇయ్యకపోతే అడిగే దిక్కు లేదు, అయినా ఇయ్యకుండా ఉండగలనా? లక్షల మంది అట్టాగే వస్తారు. ఇది పుట్టినప్పట్నుంచీ చూసిన జనం, ఖాతా పుస్తకం లేదని 24 రూపాయలు ఎగ్గొట్టడం కష్టం.

కాగితం ఉన్న వైపు ఏముందో కూడా చెప్తా. నేను చదువయ్యాక చెన్నై దగ్గర ఒక కంపెనీలో రెండేళ్లు చేశా, నెలనెలా పీఎఫ్ కట్ అయ్యేది. మానేశాక ఆ డబ్బు అడిగితే, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండాది, కంపెనీ రికార్డులో ఒక్క అక్షరం ఉండాది, కాబట్టి నువ్వు నువ్వు కాదు అని తిప్పి పంపారు. ఏడు నెలలు తిరిగా. నా సొంత డబ్బు. మాయమ్మ ఆ ఏడు నెలలూ ఒకే మాట, "నలభై మంది నోటి మాట మీద వారంలో ఇచ్చారు గదరా." దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఇంక బండ్లోళ్లు పన్ను కట్టరు అనేవాళ్లకి, ఆమె కొనే నూనె ప్యాకెట్టు మీద 5 శాతం, కమర్షియల్ సిలిండరు మీద 18 శాతం జీఎస్టీ ఆమె జేబులోంచే పోతాది, తిరిగి వసూలు చేసుకునే దారి ఆమెకి లేదు.

అట్టాగని వడ్డీవ్యాపారుల్ని వెనకేసుకొస్తా ఉన్నానని అనుకోవద్దు. డైలీ ఫైనాన్సు వాడు 10,000 అని చెప్పి 8,500 చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకుంటాడు. అది దోపిడీ అని మాయమ్మకి నాకన్నా బాగా తెలుసు. కానీ వాడు తెల్లారుజామున బండి దగ్గరికే వస్తాడు, అడిగిన పూటే ఇస్తాడు, బ్యాంకుకి పోతే ఆ రోజు బండి ఆగిపోతాది. 2020 లాక్‌డౌన్‌లో బండి పూర్తిగా నిలిచిపోయినప్పుడు ఆ వాయిదాలే మా ప్రాణం తీశాయి. ఆ ఏడు జూన్‌లో వీధి వ్యాపారులకి 10,000 అప్పిచ్చే స్వనిధి పథకం వచ్చింది, సరిగ్గా కడితే 7 శాతం వడ్డీ రాయితీ. నా దృష్టిలో ఇన్నేళ్లలో వచ్చినవాటిలో మంచిది అదే, ఎందుకంటే నువ్వు బండి మానేసి ఇంకేదో అవ్వు అని చెప్పలేదు, బండి ఉందా అని అడిగింది.

దానికి మాయమ్మ అర్జీ పెట్టుకుంటే విచారణకి ఒకాయన బండి దగ్గరికి వచ్చాడు. ఇక్కడే వ్యాపారం చేస్తా ఉండావని రుజువేంది అన్నాడు. పాత ఆశీలు చీటీలు ఎప్పుడో వానకి నానిపోయాయి. పండ్ల మావ అప్పటికి ముసలాయన, కొడుకు భుజం పట్టుకోని వచ్చి, నేను చెప్తా రాసుకోండి అన్నాడు. టీ అంగడి అన్న, పూలక్క, ఆ చివర నూడుల్స్ అతను, అందరూ వచ్చారు. పేర్లు, బండ్లు, ఎన్నేళ్ల నుంచి అనేది ఆయన అక్కడే రాసుకున్నాడు. మావకి సంతకం రాదు, వేలిముద్ర వేశాడు. వీధి వ్యాపారుల జాబితాలో ఉన్నట్టు ఆమె పేరు మీద ఇప్పుడున్న కాగితం అట్టా వచ్చిందే.