తెల్లవారుజామున గట్టు మీద ఎవరుంటారు?

చెరువు గట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడొంతులు చేపల చెరువుల గురించే. నేను అధికారిని కాను, శాస్త్రవేత్తను కాను. కైకలూరు పక్కన ఓ ఊళ్లో 26 ఏళ్లుగా కౌలు చెరువు చేస్తున్నవాడిని. ఇందులో బతికాను, ఇందులోనే రెండుసార్లు పూర్తిగా మునిగాను. ఆ అనుభవంతోనే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి విసిగిపోయాను. ముదినేపల్లి దగ్గర మా మేనమామగారి ఊళ్లో 4 ఎకరాల చెరువు కౌలుకు ఇస్తామంటున్నారు. చేతిలో 8 లక్షలున్నాయి. దిగమంటారా?
(పేరు రాయవద్దన్న పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, ముందు కాగితం మీద లెక్క వేద్దాం. మా వైపు ఎకరాకు సుమారు 2,500 పెద్ద చేప పిల్లలు వదులుతాం. అందులో శీలావతి (రోహు) ఎక్కువ, బొచ్చె (కట్ల) తక్కువ. 4 ఎకరాలకు 10 వేల పిల్లలు. వెయ్యి పోయినా 9 వేలు నిలిచి, ఏడాదికి కిలోంపావు దాకా పెరిగాయనుకోండి, పట్టుబడి 10 టన్నుల పైమాట. కిలో చేప పెరగడానికి తవుడు, నూనెగింజల చెక్క కలిపి రెండున్నర కిలోల దాకా పడుతుంది. అంటే 25 టన్నుల పైమాట మేత. కౌలు సొమ్ము ముందే కట్టాలి, పిల్లకు రొక్కం ఇవ్వాలి. మీ 8 లక్షలు పంట సగంలోనే అయిపోతాయి.

అసలు కథ అక్కడ మొదలవుతుంది. డబ్బు అయిపోయిన రోజున మేత దుకాణం అప్పుగా ఇస్తుంది. ఆ అప్పుకు వడ్డీ ఉంటుంది, దానితోపాటు చేపను తాము చెప్పినవాళ్లకే అమ్మాలన్న షరతూ ఉంటుంది. పట్టుబడి రోజున మీ చేప హౌరాకో, అస్సాంకో ఐసులో వెళ్లాలి. లారీ గట్టు మీద నిలబడి ఉంటుంది, కూలీలు వల లాగేస్తారు, చేప ఒడ్డున పడుతుంది. ఆ గంటలో మీకు బేరం చేసే బలం ఉండదు. కిలోకు 10 రూపాయలు తగ్గించారంటే మీ 10 టన్నుల మీద లక్ష పోయినట్టే. ఏడాది మధ్యలో మేత కిలోకు 3 రూపాయలు పెరిగితే మరో 75 వేల పైనే. ఈ రెండింటిలో ఏదీ మీ చేతిలో లేదు. చెరువు చేసేవాడికి వ్యాధి కంటే ఎక్కువ నష్టం ఈ అప్పు వల్లే వస్తుందని నా గట్టి నమ్మకం.

కాబట్టి మొదటి ఏడాది 4 ఎకరాలు వద్దు. మీ మేనమామగారి చెరువులోనో, తెలిసినవాళ్ల చెరువులోనో చిన్న వాటా పెట్టి, ఒక పంట కాలం రోజూ గట్టు మీదే ఉండండి. పిల్ల వదిలిన రోజు నుంచి పట్టుబడి రోజు దాకా. ఫోనులో చూసుకుంటూ, నెలకోసారి వచ్చి చెరువు చేయగలననుకుంటే ఉద్యోగమే మేలు.

కౌలు ఒప్పందానికి ముందు మూడు విషయాలు చూడండి. వేసవిలో కాలువకు నీరు ఆపేసినప్పుడు నీరు ఎక్కడి నుంచి వస్తుందో అడగండి. బోరు ఉంటే ఆ నీరు ఉప్పుగా ఉందేమో రుచి చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ సర్వే నంబరు కొల్లేరు అభయారణ్యం హద్దులోకి వస్తుందేమో కనుక్కోండి. 1999లో ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దులో ఉన్న చెరువుల గట్లు తెగగొట్టారు. పిల్ల వదిలిన చెరువుల గట్లు తెగితే జనం ఎలా ఏడ్చారో నేను కళ్లారా చూశాను. ఇప్పటికీ ఆ హద్దులో భూమిని తక్కువ కౌలుకు అంటగట్టేవాళ్లున్నారు. చౌకగా వస్తోందంటే ముందు అనుమానించండి.

కౌలు కాగితం రాయించుకోండి. మాట మీద కౌలు మనవైపు మర్యాద, నాకూ తెలుసు. కానీ 2018-19 కేంద్ర బడ్జెట్ నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు చేపల రైతులకూ వర్తిస్తోంది. కౌలు రైతులకూ అర్హత ఉంది. కాగితం లేకపోతే బ్యాంకు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. ఆ కార్డు వచ్చిన రోజున మేత దుకాణం దగ్గర మీ గొంతు మారుతుంది.

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర 5 ఎకరాల చెరువు. మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారేసరికి పెద్ద చేపలన్నీ తేలిపోయాయి. పక్క చెరువు అతనితో మాకు పాత గొడవ ఉంది. అతనే మందు కలిపాడని ఇంట్లో అందరూ అంటున్నారు. పోలీసు కేసు పెట్టాలా?

జవాబు: మీ ఉత్తరం చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏడాది కష్టం తెల్లటి పొట్టలు పైకి తిప్పి గట్టు వెంట తేలుతుంటే మనిషికి ఎవరో ఒకరి మీద కోపం రావాలి. నాకూ వచ్చింది. కానీ కేసు పెట్టే ముందు నేను చెప్పేది వినండి.

పన్నెండేళ్ల కిందట నా చెరువులోనూ ఇదే జరిగింది. అప్పుడూ ముసురే. మూడో రాత్రి దాదాపు 3 గంటలకు మెలకువ వచ్చి గట్టు మీదికి వెళ్లాను. చెరువు మీద చిన్న చినుకులు పడుతున్న చప్పుడు. చెయ్యి చాపాను, అరచేతిలో చుక్క పడలేదు. టార్చి వేస్తే నీళ్ల మీద వందల నోళ్లు. బొచ్చెలు ముందు తేలాయి, వాటి వెనక శీలావతులు. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి గాలి మింగుతున్నాయి. నేను చినుకులనుకున్నది ఆ నోళ్ల చప్పుడు. వెదురు గెడల మీద నత్తలు నీళ్లు వదిలి పైకి పాకి ఉన్నాయి. నీళ్లు తోడే ఇంజను దగ్గరికి పరిగెత్తాను. డీజిలు లేదు. తెల్లవారేసరికి సగం చెరువు పోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు మేత సంచి చెప్పింది. మాకు అలవాటైన పద్ధతి మీకూ తెలుసు: చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, చెక్క నింపి గెడలకు వేలాడదీస్తాం. అదే రోజు సాయంత్రం సంచి ఎత్తితే తేలిగ్గా రావాలి. ముసురు పట్టిన రెండో రోజు నుంచే నా సంచులు బరువుగా ఉన్నాయి. చేప తినలేదు. నేను పట్టించుకోకుండా మరుసటి రోజూ అంతే నింపించాను. తినని మేత అడుగున కుళ్లింది. కుళ్లడానికి ఆక్సిజన్ కావాలి, అది చేప వాటా నుంచే పోయింది.

మిగతాది పచ్చ నీళ్ల పని. నీటిలోని ఆ పచ్చదనం ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే పచ్చదనం చేపలతో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది. అందుకే సూర్యుడు రావడానికి ముందు గంటల్లో చెరువు ఊపిరి అడుగంటుతుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేపకు హాయి. 3కు దిగితే ఇబ్బంది మొదలు. మూడు రోజులు ఎండ లేకపోతే పగలు తయారయ్యేదే తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం మామూలే.

ఇప్పుడు మీ చెరువు సంగతి. పోయినవి పెద్దవేనా, చిన్న చేపలు, కప్పలు, నీటి పాములు కూడానా? తెల్లవారుజామునేనా, మధ్యాహ్నం కూడా పోయాయా? నీళ్ల రంగు రాత్రికి రాత్రి పచ్చ నుంచి గోధుమ రంగులోకి మారిందా? విషం పెద్దదీ చిన్నదీ చూడదు, వేళ చూడదు. మీరు రాసిన దాన్నిబట్టి పెద్దవే పోయాయి, అదీ ముసురు తర్వాత తెల్లవారుజామున. ఇది ఆక్సిజన్ అందక జరిగిందనే నా అభిప్రాయం. అనుమానం తీరాలంటే నీళ్లు, కొన ఊపిరితో ఉన్న చేప పట్టుకుని వెంటనే పరీక్షకు ఇవ్వాల్సింది. ఇన్ని రోజుల తర్వాత కేసు పెడితే చేప తిరిగి రాదు, గట్టు పంచుకునే మనిషితో మాత్రం శాశ్వతంగా తెగిపోతుంది. రేపు మీ ఇంజను ఆగితే అర్ధరాత్రి ఇంజను ఇవ్వగలవాడు అతనొక్కడే.

మిగిలిన చేపను కాపాడుకోండి. రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి. చచ్చిన చేపను తీసి గట్టుకు దూరంగా సున్నం వేసి పూడ్చండి, అమ్మవద్దు. కొత్త నీరు పెట్టండి. ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) రాత్రి 1 గంట నుంచి సూర్యుడు పొడిచేదాకా తిరగాలి. ఎవరో చెప్పారని మధ్యాహ్నం సున్నం చల్లకండి, అప్పుడు నీటి పీహెచ్ (క్షార గుణం కొలత) ఎక్కువగా ఉంటుంది, దాన్ని ఇంకా పెంచితే నీటిలోని అమ్మోనియా మరింత విషమవుతుంది. ఇకమీదట మబ్బు పట్టిన రోజు సంచి సగమే నింపండి, రెండో రోజూ మబ్బే అయితే అసలు వద్దు. చెయ్యి మోచేతి దాకా ముంచినప్పుడు అరచెయ్యి కనబడకపోతే నీళ్లు మితిమీరి పచ్చబడ్డాయని గుర్తు. డీజిలు డబ్బా ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంచండి. నేను ఆ రాత్రి తర్వాత ఒక్కరోజూ ఖాళీ పెట్టలేదు.

ప్రశ్న: కోళ్ల దుకాణాల వ్యర్థాలు తెచ్చి వేస్తే మేత ఖర్చు సగం తగ్గుతుందని మా ఊళ్లో ఒకాయన చెబుతున్నారు. వేయవచ్చా?

జవాబు: వద్దు. అది మేత కాదు, కుళ్లు. నీటిని చెడగొడుతుంది, తినేవాళ్ల నమ్మకాన్ని చెడగొడుతుంది. ఆ వ్యర్థాలతో ఎక్కువగా పెంచే ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను 2000లోనే కేంద్రం నిషేధించింది. మీ పిల్లలకు వండి పెట్టలేని చేపను పక్కవాళ్ల పిల్లలకు అమ్మకండి.

ప్రశ్న: మాకున్నది ఒకటిన్నర ఎకరం వరి పొలం. పక్క పొలం చేపల చెరువు చేశారు. రెండేళ్లుగా ఊట వచ్చి మా పొలంలో నీరు నిలిచిపోతోంది. కోతకు మిషన్ దిగడం లేదు. అడిగితే ‘మీరూ చెరువుకు ఇచ్చేయండి’ అంటున్నారు. ఏం చేయాలి?
(కలిదిండి మండలం నుంచి ఓ సోదరి)

జవాబు: అమ్మా, చెరువు చేసేవాడిగా నేను ముందు మిమ్మల్ని క్షమించమని అడగాలి. నా చెరువు ఊట కూడా రెండు పంటల పాటు పక్కవాళ్ల పొలంలోకి వెళ్లింది. వాళ్లు చెబుతున్నా నేను నవ్వి ఊరుకున్నాను. మూడో ఏడు ఆ ఇంటి పెద్దావిడ మోకాలి లోతు బురదలో కొడవలితో వరి కోస్తుంటే గట్టు మీద నిలబడి చూశాను. ఆ వారమే కూలీలను పెట్టి గట్టు పక్కన లోతుగా ఊట బోదె (ఊట నీరు పారే సన్న కాలువ) తవ్వించి మురుగు కాలువలో కలిపాను. దానికి అయిన ఖర్చు నా మేత ఖర్చులో నెల రోజులది కూడా కాదు.

చెరువు గట్టుకూ పొలానికీ మధ్య ఖాళీ వదలాలి, ఊట బోదె తవ్వాలి. ఇది ఆయన మీ మీద చూపే దయ కాదు, ఆయన బాధ్యత. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం ప్రకారం చెరువుకు లైసెన్సు ఉండాలి. ముందు మీ గ్రామంలోని మత్స్యశాఖ సహాయకులను కలిసి ఆ చెరువుకు లైసెన్సు ఉందో లేదో అడగండి. తర్వాత తహసీల్దారు కార్యాలయంలోనూ, మత్స్యశాఖలోనూ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో మీ సర్వే నంబరు, నీరు నిలిచిన తేదీలు, కోత ఆగిన రోజులు రాయండి. పొలం నీళ్లలో ఉన్న ఫొటోలు జత చేయండి.

‘మీరూ ఇచ్చేయండి’ అన్న మాటకు లొంగకండి. ఒకసారి చెరువు తవ్విన భూమిని మళ్లీ వరికి తేవడం ఎంత ఖర్చో నేను చూశాను. మీకు వరే చేయాలనుంటే వరే చేయండి. అర్జీ రాయడం కష్టమైతే పత్రిక చిరునామాకు వివరాలు పంపండి, నేను రాసి పంపుతాను. ఆ చెరువు నా స్నేహితుడిదే అయినా రాసిస్తాను.