‘తర్వాత’ అని నొక్కుతూ పోతే ఏమవుతుంది?

ప్రశ్న: ఏడాదిగా నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ‘తర్వాత’ అని నొక్కేస్తున్నాను. ఒకసారి అప్‌డేట్ చేశాక ఫోన్ వేడెక్కి, స్లో అయింది. ఇప్పుడు ఆ నోటిఫికేషన్ చూస్తేనే టెన్షన్. చేయకపోతే నష్టమా?

జవాబు: మీ భయం ఊరికే వచ్చింది కాదు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా అప్‌డేట్ ద్వారా వాటి వేగం తగ్గించామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. వాడేవాళ్లకు ముందే సరిగ్గా చెప్పకపోవడమే జనాన్ని మండించింది. 2018 అక్టోబరులో విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లనే చెరిపేస్తే మైక్రోసాఫ్ట్ దాన్ని మధ్యలో ఆపేసింది.

మా అమ్మ ఫోన్‌లో ఒక రాత్రి అప్‌డేట్ దానంతటదే అయిపోయింది. పొద్దున్నే కాల్ వచ్చింది. ఎప్పుడూ బటన్‌ని పైకి జరిపి ఎత్తే మనిషి, అలాగే నాలుగుసార్లు జరిపింది. ఇప్పుడు పక్కకి జరపాలట! ‘ఫోన్ పాడైందిరా’ అంది. పాడవలేదు, అడగకుండా మార్చేశారు. ఆ కోపం నాకింకా ఉంది.

తలుపు గొళ్లెం బాగుచేయడానికి వచ్చినవాళ్లు ఇంట్లో సామాన్లన్నీ సర్దేసి పోతే ఇంకోసారి ఎవరు రానిస్తారు? భద్రతా లోపాన్ని సరిచేయడానికి వేసే అతుకునీ (దీన్నే ప్యాచ్ అంటారు), ఎవరూ అడగని కొత్త డిజైన్‌నీ ఒకే మూటలో కట్టి ఇవ్వడం కంపెనీల తప్పే.

కానీ గొళ్లెం మాత్రం వేయించుకోవాలండీ. ప్యాచ్ బయటికి రాగానే దొంగలు కూడా దాన్ని విప్పి, పాత కోడ్‌తో పోల్చి, లోపం ఎక్కడుందో పట్టేస్తారు. అప్పటి నుంచి అప్‌డేట్ చేయని ఫోన్లకే ముప్పు ఎక్కువ. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లో ఒక లోపానికి ప్యాచ్ ఇచ్చింది. మే 12న వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ అదే లోపంలోంచి దూరి, 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ప్యాచ్ వచ్చి అప్పటికి రెండు నెలలు.

మీ సంగతికొస్తే, సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి వెళ్లి ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. ఏడాది వెనక ఉంటే ఈ రాత్రే చేయండి. ముందు ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీయండి, కాస్త స్టోరేజీ ఖాళీ చేయండి, ఛార్జర్ పెట్టి వదిలేయండి. ఇకపై సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చిన వారంలోపే వేసుకోండి. ఆండ్రాయిడ్ వెర్షనే మారే పెద్ద అప్‌డేట్ అయితే రెండు మూడు వారాలు ఆగి, అదే మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో చూసి చేసినా ఫర్వాలేదు. నెలల తరబడి మాత్రం ఆపొద్దు, చాలా మోడళ్లకు ఆ తర్వాత ప్యాచ్‌లు కొత్త వెర్షన్‌కే వస్తాయి.

వేడి సంగతి: పెద్ద అప్‌డేట్ తర్వాత ఫోన్ యాప్‌లన్నిటినీ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు లోపల మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. ఒకటి రెండు రోజులు వేడెక్కడం, ఛార్జింగ్ త్వరగా దిగిపోవడం మామూలే. వారం దాటినా తగ్గకపోతే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎక్కువ వాడుతోందో చూసి నాకు రాయండి.